సున్నా వేసిన గడి

మార్చి 3, సోమవారం

పొద్దున్న వెళ్లిన తమ్ముడు ఇంకా ఇంటికి రాలేదు.

పై వాటాలో ఎవరూ లేవకముందే వెళ్లాడట. మరదలు లేచేసరికి పక్క ఖాళీగా ఉంది. కింద నా దగ్గర టీ తాగుతున్నాడనుకుని ఊరుకుంది. పైనే ఉన్నాడని నేను అనుకున్నాను. ఒకరి దగ్గర ఉన్నాడని ఒకరం అనుకుని ఇద్దరం చాలాసేపు నిశ్చింతగా ఉన్నాం. ఆస్పత్రిలో లిఫ్టు ఆగిపోయింది, ఎక్కడున్నావని వాడు మెకానిక్‌గా చేసే లిఫ్టుల కంపెనీ నుంచి ఫోను వచ్చాక తెలిసింది. ఆ ఫోను మోగింది కూడా వాళ్ల పడకగదిలోనే. ఛార్జరుకి పెట్టి వెళ్లిపోయాడు.

వాడి మతిమరుపు కొత్తది కాదు. పెళ్లిచూపులకి రెండు కాళ్లకి రెండు రకాల చెప్పులు వేసుకుని వెళ్లినవాడు. ఆ చెప్పులు చూసే ఒప్పుకున్నానని మరదలు ఇప్పటికీ అంటుంది.

స్కూటరు కొండదారి మొదట్లో టీకొట్టు పక్కన దొరికింది. స్టాండు వేసి, తాళం వేసి పెట్టాడు. తిరిగి వచ్చే ఉద్దేశం లేనివాడు తాళం ఎందుకు వేస్తాడు? చెట్లలోకి నడకకి వెళ్లి ఉంటాడు. కాలు బెణికి ఉంటుంది. ఫోను లేదు కాబట్టి ఎవరినీ పిలవలేకపోయాడు. అంతే.

ఈమధ్య నిద్ర పట్టడం లేదన్నాడు. నడిస్తే పడుతుందని చెప్పింది నేనే.

మొన్న శనివారం వచ్చి నా వంటింటి కుళాయి బాగు చేశాడు. నేను అడగలేదు, తనంతట తనే వచ్చాడు. వెళ్లేముందు నాన్న గురించి ఏదో అడిగాడు. ఏమడిగాడో గుర్తు లేదు.

మార్చి 4, మంగళవారం

పోలీసులు గాలింపు బృందాన్ని పిలిపించారు. బృందం అధికారి సన్నగా ఉంటాడు, మాట అంతకన్నా సన్నం. పై వాటాలో భోజనాల బల్ల మీద పటం పరిచి, పెన్సిలుతో గళ్లు గీశాడు. మా మేనకోడలు పిచ్చుక (నాలుగో తరగతి) అదేదో ఆట అనుకుని మోచేతులు ఆనించి నిలబడింది. మరదలు దాన్ని లోపలికి పంపింది.

ఏ గడిలో ఉండడానికి నూటికి ఎంత అవకాశం ఉందో చెప్పమని ఆయన అడిగాడు. అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది. కాలేజీలో ఇన్నేళ్లుగా నేను చెప్పే పాఠమే అది. ఆ మాట అన్నాను. ఆయన ముఖం కాస్త తేటపడింది. అప్పటి నుంచి ప్రశ్నలన్నీ నావైపే తిరిగాయి.

కొండ మీది చెట్లకి యాభై ఇచ్చాను. టీకొట్టు ముందే బస్సు ఆగుతుంది. ఏదో పని తగిలి పక్క ఊరికి ఎక్కి ఉండొచ్చు. దానికి యాభై.

గుమ్మం దగ్గర నిలబడ్డ మరదలు, "క్వారీ వైపు కూడా చూడండి," అంది.

ఆమె మాట నేను ముందుకు సాగనివ్వలేదు. కొండ వెనక ఉన్న ఆ క్వారీ మూతబడి చాలా కాలమైంది, నిండా నీళ్లు. నాన్న అక్కడే జారిపడ్డారు. అప్పుడు తమ్ముడికి ఆరేళ్లు. ఆనాటి నుంచి వాడు ఆ దారి తొక్కలేదు. అందరికన్నా వాడికే ఆ చోటంటే భయం. ఇదంతా అధికారికి చెప్పాను.

"అయితే దానికి ఎంత వేయమంటారు మేడమ్?"

"సున్నా."

పెన్సిలు పటం మీద ఆనించాడు. "సున్నాయేనా?"

"సున్నాయే."

ఆయన మనుషులు క్వారీ గట్టు చుట్టూ నడిచి వచ్చారు. ఏమీ కనబడలేదట. నీళ్లలో దిగాలంటే డైవర్లు వేరే చోటు నుంచి రావాలి. చుట్టుపక్కల ప్రాంతాలన్నిటికీ ఒక్కటే జట్టు. ఇంట్లోవాళ్లకి అనుమానం ఉందంటేనే పిలిపిస్తారట. అనుమానం లేదని నేనే చెప్పాను.

మార్చి 5, బుధవారం

వాడు రాలేదు.

మార్చి 6, గురువారం

చెట్లన్నీ గాలించారు, కుక్కలతో సహా. దొరకలేదు.

అక్కడ ఉండి ఉంటే అయిదింట నాలుగు పాళ్లు మాకు కనబడేవాడే అని అధికారి అన్నాడు. కింద కూర్చుని లెక్క వేశాను. చెట్లకి ఇచ్చిన యాభై పదికి పడిపోతుంది. బస్సుకి ఇచ్చిన యాభై అలాగే ఉంటుంది. రెండూ కలిపి అరవై. ఆ అరవైలో యాభై బస్సుదే, అంటే ఆరింట అయిదు వంతులు. ఒకచోట దొరక్కపోతే ఇంకోచోట ఉండే అవకాశం పెరుగుతుంది. షరతు సంభావ్యత అంటే ఇదే. తెలిసింది మారితే అంకె మారాలి.

వాడు ఏ ఊళ్లోనో క్షేమంగా ఉండే అవకాశం మంగళవారం కంటే ఇవాళ ఎక్కువ. గబగబా మెట్లెక్కి మరదలికి చెప్పాను. కూరగాయలు తరుగుతోంది. అంతా విని, "సరే వదినా," అంది. కత్తి ఆపలేదు.

అర్థమైనట్టు లేదు. కొంచెం నిదానంగా చెప్పి ఉండాల్సింది.

మార్చి 7, శుక్రవారం

వాడి ఫొటో పట్టుకుని పక్క ఊరు వెళ్లాను. బస్టాండులో టికెట్లు ఇచ్చే ఆయన ఫొటోని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇలాంటి ముఖాలు రోజూ బోలెడు చూస్తుంటానన్నాడు. సోమవారం కనబడ్డాడా అని అడిగాను. ఉండొచ్చు అన్నాడు.

ఉండొచ్చు అన్నాడు.

మార్చి 8, శనివారం

తమ్ముడితో కలిసి పనిచేసే మెకానిక్ వచ్చాడు. వాళ్లిద్దరినీ కంపెనీలో జోడెడ్లు అంటారు. ఒకడు మోటారు గదిలో ఉంటే ఒకడు లిఫ్టు కింది గుంతలో ఉండాలి, ఒకరి కేక మీద ఒకరి ప్రాణం. ఆ పెద్దమనిషి సోఫా అంచున కూర్చుని, తెచ్చిన సంచీని కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. అది తమ్ముడి పనిముట్ల సంచీ. పిడుల మీద వాడి చేతి అరుగుదల.

కిందటి నెలలో తన చేతికిచ్చి, "ఇక నీ దగ్గరుంచు అన్నా," అన్నాడట. కొత్తవి కొనుక్కుంటున్నాడేమో అనుకున్నాడట ఈయన.

కొత్తవి కొనుక్కుంటూ ఉంటాడని నేనూ అన్నాను. పనివాడు పాత పనిముట్లు తోటివాడికి ఇవ్వడంలో వింతేముంది?

ఆయన సంచీ ఇక్కడే వదిలి వెళ్లిపోయాక వింతగా కనబడినవన్నీ మనసులో పెట్టుకుని చూశాను. ఫోను ఇంట్లో వదలడం వాడి మతిమరుపు. కుళాయి బాగు చేయడం మెకానిక్కుల జబ్బు, వదులుగా ఉన్న నట్టు చూస్తే చేయి ఆగదు. పనిముట్లు ఇచ్చేయడం స్నేహం. నిద్ర లేకపోవడం షిఫ్టుల వల్ల. ఈమధ్య పిచ్చుకని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పడం, అది తండ్రి ముద్దు. విడివిడిగా ఒక్కదానికీ వేరే అర్థం లేదు. దేని దారి దానిది. ఒకదాన్ని ఇంకోదానితో ముడేయడం నా చదువు ఒప్పుకోదు.

మార్చి 9, ఆదివారం

మరదలితో మాటామాటా వచ్చింది. మా మధ్య ఇలాంటిది ఎన్నడూ లేదు.

పిచ్చుకని పక్కింట్లో ఆడుకోమని పంపి కిందికి వచ్చింది. కూర్చోలేదు. తను చెప్పింది ఇది. రెండుసార్లు వాడు క్వారీ గట్టు మీద నిలబడి ఉండగా చూసింది. మొదటిసారి పిచ్చుకని స్కూల్లో దింపి వస్తూ వాడి స్కూటరు చూసి వెళ్లింది. రెండోసారి కావాలనే వెనకాల వెళ్లింది. ఏంటిక్కడ అంటే, గాలి బాగుంది అన్నాడట. ఇంటికొచ్చి అన్నం బాగానే తిన్నాడట.

వాడికి ఆ చోటంటే భయమని నేనన్నాను. భయమున్నవాడు రెండుసార్లు ఎందుకెళ్తాడని తను అడిగింది.

"భర్త బతికుండాలని కోరుకునే మనిషి అనే మాటేనా ఇది?" అన్నాను.

తను నావైపు చూసింది. ఏడవలేదు. మెట్లెక్కి వెళ్లిపోయింది.

మార్చి 10, సోమవారం

నేను అన్నదాంట్లో తప్పు లేదు.

మార్చి 11, మంగళవారం

నేను అన్నదాంట్లో తప్పేమీ లేదు. వాడి మీద ఆశ వదులుకోనిది నేనొక్కదాన్నే.

పైన కుర్చీ జరిపిన చప్పుడు కూడా లేదు. పిచ్చుక స్కూలుకి వెళ్తూ రోజూ నా తలుపు తట్టి వెళ్లేది. ఇవాళ తట్టలేదు.

మార్చి 12, బుధవారం

ఇంట్లో ఉండలేక కాలేజీకి వెళ్లాను. సెలవు పెట్టినదానివి ఎందుకొచ్చావని ప్రిన్సిపాల్ కసిరినట్టు అని, తనే కుర్చీ లాగి కూర్చోబెట్టింది. పరీక్షలు దగ్గరికొచ్చాయని సాకు చెప్పి క్లాసుకి వెళ్లాను.

స్వతంత్ర ఘటనల పాఠం. ప్రతి ఏడూ చెప్పే బల్బుల లెక్కతోనే మొదలుపెట్టాను. గదిలో రెండు బల్బులున్నాయి. ఈ రాత్రికి ఒకటి మాడిపోయే అవకాశం నూరింట ఒకటి. రెండోదీ అంతే. రెండూ ఒకే క్షణంలో ఆరిపోయాయి. దానికి ఎంత అవకాశం? వెనక బెంచీవాళ్లు ఎప్పటిలాగే నూరుని నూరుతో గుణించి పదివేలలో ఒకటి అని అరిచారు. అప్పుడు నేను చాక్‌పీసు కింద పెట్టి, వాళ్లని కాసేపు ఊరించి అడుగుతాను. మీ ఇంట్లో రెండు బల్బులూ ఒక్కసారే ఆరిపోతే, అబ్బా పదివేలలో ఒకటి జరిగింది అనుకుంటారా, కరెంటు పోయిందనుకుంటారా? పిల్లలు నవ్వుతారు. దేనికది ఆరిపోతేనే గుణించాలి, రెండింటి వెనకా ఒకే తీగ ఉంటే గుణించకూడదు. ముందు తీగ వెతకండి. ఇంతవరకూ చెప్పి తర్వాతి లెక్కలోకి వెళ్తాను.

ఇవాళ ప్రశ్న అడిగాను. పిల్లలు నవ్వారు. నాకు ఆ తర్వాతి మాట నోట రాలేదు.

ఫోను, కుళాయి, పనిముట్లు, నిద్ర, పిల్లతో తిరగడం, క్వారీ.

తలనొప్పని చెప్పి వచ్చేశాను.

మార్చి 13, గురువారం

సున్నా గురించి రాయాలి.

మొన్న చేసిన లెక్కలో చెట్ల అంకె తగ్గింది, బస్సు అంకె పెరిగింది. క్వారీ అంకె కదల్లేదు. ఎప్పటికీ కదలదు. సున్నాని దేనితో గుణించినా సున్నాయే. ఒక గడికి మొదట్లోనే సున్నా వేస్తే, ఆ తర్వాత ఎవరు ఏం చూసొచ్చి చెప్పినా, లోకంలో ఉన్న సాక్ష్యమంతా తెచ్చి కుమ్మరించినా, అది పెరగదు. మనిషి ఇక వినను అని చెప్పే అంకె అది. వేలిగోరంత ఇచ్చినా సరిపోయేది. మరదలు చూసినది దాన్ని పెంచేది. పనిముట్ల సంచీ పెంచేది. నేను ఆ వేలిగోరంత కూడా ఇవ్వలేదు.

ఎందుకివ్వలేదో నాకు తెలుసు. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

నాన్న జారిపడ్డారని అమ్మ చెప్పింది.

నాన్న క్వారీలో లారీలకి చీటీలు రాసే గుమాస్తా. మందపాటి కళ్లద్దాలు. అవి లేకపోతే స్నానాల గదికి కూడా గోడ తడుముకుంటూ వెళ్లేవారు. మేం ఆయన్ని ఆటపట్టించడానికి వాటిని దాచేస్తే, చేతికి దొరికింది ఎవరో పోల్చుకోలేక ఇద్దరి పేర్లూ పిలిచేవారు. ఆ రోజు క్వారీకి సెలవు. అయినా వెళ్లారు. పాత గుంటలో అప్పటికే నీళ్లున్నాయి. కళ్లద్దాలు మర్చిపోయి వెళ్లారు, గట్టు కనబడలేదు, జారారు అని అమ్మ అందరికీ చెప్పింది. అందరూ తలూపారు. కళ్లద్దాలు లేనివాడు జారడం ఎంత సహజం అనుకున్నారు.

ప్రశ్న తిరగేసి ఎవరూ అడగలేదు. కళ్లద్దాలు లేకుండా గడప దాటలేని మనిషి, తిరిగి ఇంటికి రావాలనుకున్న మనిషి, వాటిని అలమారలో మడిచిపెట్టి కొండ వెనక్కి వెళ్లడం ఎంత సహజం? ఈ రెండు ప్రశ్నలూ ఒకటి కావని నేను ఏటా బోర్డు మీద రాసి చెప్తాను. తిరగేస్తే జవాబు మారిపోతుందని, ఎక్కువమంది అక్కడే పప్పులో కాలేస్తారని.

అలమారలో మడిచి ఉన్న ఆ కళ్లద్దాలు మొదట చూసింది నేను. పధ్నాలుగేళ్లదాన్ని. కింద గుడ్డ పరిచి, దాని మీద పెట్టి ఉన్నాయి. మర్చిపోయిన వస్తువు అలా ఉండదు. అమ్మకి చూపించాను. అమ్మ వాటిని పెట్టె అడుగుకి తోసి, "జారిపడ్డారు, అంతే. ఎవరడిగినా అదే చెప్పు. తమ్ముడికి కూడా," అంది. చెప్పాను. వాడు చిన్నప్పుడు అడిగినా చెప్పాను, పెద్దయ్యాక అడిగినా చెప్పాను. చెప్పగా చెప్పగా నాకూ అదే నిజమైపోయింది. అమ్మ పోయాక ఇక ఆ మాటకి నేనే కాపలా.

నాన్న జారలేదు.

కుళాయి బాగు చేసిన రోజు వాడు ఏమడిగాడో నాకు బాగా గుర్తుంది. సింకు కింద తల పెట్టి, నా ముఖం చూడకుండా, "అక్కా, నాన్న నిజంగా జారిపడ్డారా?" అన్నాడు.

"జారిపడ్డారు. ఎన్నిసార్లు చెప్పాలిరా?" అన్నాను. పాలు పొంగుతున్నాయి, అటు తిరిగి ఉన్నాను.

వాడు నట్టు చివరిదాకా బిగించాడు. తర్వాత బయటికొచ్చి చేతులు తుడుచుకుని, "నా ఉద్యోగంలో పైకీ కిందకీ తిరగడమే గానీ ముందుకెళ్లేది లేదక్కా," అని నవ్వాడు. అది వాడి పాత జోకే. నేనూ నవ్వాను.

వాడు అడిగింది నాన్న గురించి కాదు.

మార్చి 14, శుక్రవారం

పొద్దున్నే పైకి వెళ్లాను. మరదలు పిచ్చుకకి జడ వేస్తోంది. దాన్ని స్కూలుకి పంపేదాకా వంటింట్లో నిలబడ్డాను. తర్వాత అన్నీ చెప్పాను, కళ్లద్దాల దగ్గర్నుంచి కుళాయి దాకా. క్వారీలో వెతికించమని ఇవాళ చెప్పేస్తానన్నాను.

తను సంతోషిస్తుందని కాదు గానీ, ఇప్పటికైనా అన్నారు అంటుందనుకున్నాను. తను నేల మీద కూలబడిపోయింది.

"వద్దు వదినా," అంది.

నేను పక్కన కూర్చున్నాను.

"నేనన్నాను గానీ, మీరు కాదన్నప్పుడల్లా నాకు ప్రాణం లేచొచ్చేది. ఇంత చదువుకున్నావిడ, లెక్క వేసి చెప్తోంది, నేనే పిచ్చిదాన్నేమో అనుకునేదాన్ని. మీరు తిట్టిన రోజు కూడా అంతే. తిట్టించుకోవడానికే వచ్చానేమో. ఇప్పుడు మీరు కూడా అవునంటే ఇంక కాదనేవాళ్లు ఎవరున్నారు?"

ఆరోజు నేనన్న మాటకి క్షమించమని అడిగాను. తను ఆ మాట విన్నట్టు లేదు. తర్వాత తనే లేచి, ముఖం కడుక్కుని, చెప్పులు వేసుకుంది.

ఇద్దరం కలిసి వెళ్లాం. అధికారి ముందు తను మాట్లాడలేదు, నా చేయి మాత్రం వదల్లేదు. పటం బల్ల మీద పరిచే ఉంది. ఆ గడి ఖాళీగా, శుభ్రంగా ఉంది. వేరే గళ్లన్నీ గీతలతో నలిగిపోయాయి.

"క్వారీ నీళ్లలో వెతికించండి," అన్నాను. "నేను మొదట చెప్పింది తప్పు. మా నాన్నగారు కూడా అక్కడ ప్రమాదంలో పోలేదు."

ఈ మాట గట్టిగా పైకి అనడం నా జన్మలో ఇదే మొదలు. ఆయన ఆశ్చర్యపోలేదు. ఎందుకు ముందే చెప్పలేదని కూడా అడగలేదు. రెండు కుర్చీలు దగ్గరికి జరిపి, డైవర్ల జట్టుకి ఫోను కలిపాడు.

మార్చి 16, ఆదివారం

దొరికాడు.

మార్చి 19, బుధవారం

రాయలేను.

మార్చి 25, మంగళవారం

వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. వాడి పనిముట్ల సంచీ మరదలు తిరిగి జోడెద్దుకే ఇచ్చింది. లిఫ్టులు ఆగకూడదు కదండీ అంది. ఆయన సంచీని రెండు చేతులతో పట్టుకుని తల దించుకున్నాడు.

ఇవాళ మరదలు ఒక మాట అడిగింది. "వదినా, ఆ పొద్దున్న నాకు మెలకువ వచ్చి ఉంటే ఆయన ఉండేవాడా? మీకు లెక్కలు తెలుసు కదా, చెప్పండి."

నేనూ నన్ను అదే అడుగుతున్నాను, పాలు దించి వాడివైపు తిరిగి ఉంటే ఏమయ్యేదని. జరిగినవాటికి లెక్క వేయగలను. జరగనిది జరిగి ఉంటే ఏమయ్యేదో ఏ పుస్తకంలోనూ లేదు. తెలీదని చెప్పాను. తెలీదు అనడం ఇంత కష్టమని నాకు తెలీదు. తను నా భుజం మీద తల ఆనించింది. ఇద్దరం మళ్లీ ఒక్కరోజు కూడా ఒంటరిగా భోంచేయకూడదని, పైన గానీ కింద గానీ కలిసే తినాలని మాట్లాడుకున్నాం.

ఏప్రిల్ 2, బుధవారం

క్లాసు తీసుకున్నాను. బల్బుల లెక్క చివరిదాకా చెప్పాను. ఒకచోట ఆగి బోర్డు వైపు తిరిగాను. ముందు వరుస అమ్మాయి లేచి కిటికీ తెరిచి వచ్చి కూర్చుంది. గాలి కోసమన్నట్టు.

ఏప్రిల్ 4, శుక్రవారం

మరదలూ నేనూ మనసు డాక్టరు దగ్గరికి వెళ్లాం. తన కోసమని బయలుదేరాం. లోపల కూర్చున్నాక నా గురించి కూడా చెప్పాను. కొన్నేళ్లుగా కొన్ని నెలలు నాకెలా ఉంటాయో, ఎలా మంచం దిగబుద్ధి కాదో, కాలేజీలో జ్వరమని ఎలా చెప్తానో. మరదలు నావైపు తిరిగి చూసింది. ఒకే ఇంట్లో కింద ఒకళ్లం, పైన ఒకళ్లం.

డాక్టరు పెద్దావిడ. ఇలాంటివి కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా ఉంటాయని, ఎక్కువ అంటే తప్పదని కాదని చెప్పింది. మందులున్నాయి, మాట్లాడే మనుషులున్నారు. దాచుకునే ఇంట్లో ఒక రకంగా ఉంటుంది, చెప్పుకునే ఇంట్లో ఒక రకంగా ఉంటుంది అంది. షరతు మారితే అవకాశం మారుతుందన్నమాట. ఆవిడ ఆ మాటలు వాడలేదు. నేనే అనుకున్నాను. మందు రాసిచ్చింది. ఈ రోజు నుంచి వేసుకుంటున్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

మధ్యాహ్నం మరదలు పడుకుంది. పిచ్చుక కిందికి వచ్చి నా పక్కన కూర్చుంది. పాత కాగితాలు చించి పడవలు చేస్తోంది. వాటిని నీళ్లలో వేయదు, కిటికీ మీద వరసగా పెడుతుంది. వాళ్ల క్లాసులో ఎవరో అన్నారట, ఇది రక్తంలో ఉంటుందని.

"తాతయ్య, తర్వాత నాన్న. తర్వాత నేనా అత్తా?"

దాని గొంతులో భయం లేదు. పడవ మడత సరిచేసుకుంటూ అడిగింది. మా అమ్మ అయితే ఈపాటికి ఏదో ఒకటి చెప్పి దాన్ని ఆడుకోవడానికి పంపేసి ఉండేది. నాకూ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నీకేం కాదే పిచ్చిదానా అని. అదీ సున్నాయే.

"చాలామందికి రాదు," అన్నాను. "మనింట్లో వాళ్లకి కొంచెం ఎక్కువ రావచ్చు. వస్తే ఊరికే కూర్చోం. డాక్టరు ఉంది. మనసు బాగోలేకపోతే అది జబ్బు, తప్పు కాదు. నాకుంది. నేను మందు వేసుకుంటున్నాను."

"నీకా?"

"నాకే."

పడవ కింద పెట్టి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది, ఎక్కడుందో వెతుకుతున్నట్టు.

"మా నాన్నకి ఎందుకు వేయలేదు?"

"ఆయన చెప్పబోయాడు. నేను వినలేదు. ఇప్పుడు వినడం నేర్చుకుంటున్నాను."

అది పడవ మళ్లీ చేతిలోకి తీసుకుంది. మడత విప్పింది, మళ్లీ మడిచింది. నేను తొందరపెట్టలేదు. కుక్కరు కూత వేసింది. లేచి స్టవ్వు ఆపి, వచ్చి మళ్లీ దాని ఎదురుగా, దానివైపే తిరిగి కూర్చున్నాను.

"అత్తా, అయితే నాకు ఇవాళ బాలేదు," అంది.

"చెప్పు," అన్నాను.

చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగింది, నేను ఆగాను, మళ్లీ చెప్పింది. పూర్తయ్యేసరికి కిటికీ మీది ఎండ గోడ ఎక్కింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను. అది దాని మాట.